ముప్పై ఒక్క చుక్కలు

నంద్యాలలో ఒక ఫొటో స్టూడియోలో నేను ఆరేళ్ల ఎనిమిది నెలలు పనిచేశాను. 1953 జూన్ 1న చేరాను, 1960 జనవరి 31న మానేశాను. చేరేనాటికి నాకు పందొమ్మిదేళ్లు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నది ఇక్కడ పని లేని సంగతి. స్టూడియో మా చిన్నాయనది. ముగ్గు సన్నగా వేస్తానని, చెయ్యి వణకదని ఆయన నన్ను టచింగ్ పనికి పెట్టుకున్నాడు.

ఈ కాలపు పిల్లలు ముఖం మీద మచ్చను వేలితో తుడిచేస్తుంటే చూస్తుంటాను. మేమూ అదే చేసేవాళ్లం, కాకపోతే పెన్సిలుతో. గాజు ప్లేటు మీద నెగటివు ఉంటుంది. అందులో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపిస్తాయి. ముఖం మీద నల్లమచ్చ ఉంటే నెగటివులో అది చిన్న తెల్లచుక్క. సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ చుక్కను పూడిస్తే, కాగితం మీద మచ్చ మాయమవుతుంది. రోజుకు ఎనిమిది ముఖాలు శుభ్రం చేసేదాన్ని. ప్రతి ప్లేటుకూ నా పుస్తకంలో ఒక వరస ఉండేది: నంబరు, తారీఖు, దీపం ఎన్ని అడుగుల దూరంలో పెట్టాం, ఎన్ని సెకన్లు, ఎన్ని చుక్కలు పూడ్చాను. చుక్కలు లెక్కపెట్టమని ఎవరూ చెప్పలేదు. నా స్వభావం అది.

1954 దాకా మాది ఎండ స్టూడియో. కప్పులో గాజు పలకలు, వాటి కింద తెల్లగుడ్డ. మబ్బు పడితే పని బందు. 1954 దసరాకు చిన్నాయన మద్రాసు నుంచి అయిదువందల వాట్ల బల్బులు రెండు, స్టాండ్లు, వెలుగును ముఖం మీదికి మళ్లించే రేకు గిన్నెలు తెప్పించాడు. ఒక బల్బును ఎదురుగా పెట్టేవాళ్లం. ముఖం తేటగా, నున్నగా వచ్చేది. అయితే నగలు చచ్చిపోయేవి. మెడలో అడ్డిక, ముక్కుపుడక మెరవాలంటే దీపం పక్కన ఉండాలని నేనే కనిపెట్టాను. అప్పటి నుంచి పెళ్లికూతుళ్లకు, నగలు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్లకు రెండు ప్లేట్లు తీసేవాళ్లం. ఒకటి ఎదురు లైటుతో, ఒకటి పక్క లైటుతో. ఆడవాళ్లను కూర్చోబెట్టడం, దీపం జరపడం నా పని. బటను నొక్కడం చిన్నాయన పని.

పక్క లైటు మంచిదే గాని దానికి ఒక పాడుగుణం ఉంది. చర్మం మీద ఆవగింజంత ఎత్తున్నా దానికి నీడ పుట్టిస్తుంది. పైగా మేము వాడే ప్లేట్లకు ఎరుపు కనపడదు. ఎర్రగా ఉన్నదల్లా నల్లగా పడుతుంది. అందుకే పక్క లైటు ప్లేట్లకు నా పెన్సిలు ఎక్కువ అరిగేది.

1955 ఫిబ్రవరి 3న నందికొట్కూరు వైపు నుంచి ఒక వ్యాపారి భార్య వచ్చింది. నంద్యాలలో చుట్టాలింట్లో దిగింది. ఒడిలో నాలుగేళ్ల కొడుకు. కాసులపేరు పెట్టుకుంది కాబట్టి పక్క లైటు ప్లేటు కూడా తీశాం. ఆమె ముఖం మీద ముప్పై ఏడు చుక్కలు పూడ్చాను. పిల్లవాడి ముఖం మీద ఒక్కటీ లేదు. నాకు అది మంచి పనితనంగా తోచి, పుస్తకంలో ‘37’ కింద గీత గీసుకున్నాను.

ఫొటో కోసం వారంలో వస్తామన్నవాళ్లు నెల దాటినా రాలేదు. మార్చి 14న ఆమె భర్త వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“ఈడనే నిల్చుంటాలేమ్మా. అమ్మవారు పోసిన ఇంటోణ్ణి. లోపలికి రాగూడదు” అన్నాడు.

“ఎవరికి?”

“ముందు మా ఆడదానికి. ఫొటో దిగి పోయిన మర్నాడే బయటపడె. అది బతికింది. మల్ల పిల్లోనికి వచ్చె. వాడు పోయి ఆరు దినాలాయె. వాని ఫొటో ఇదొక్కటే ఉండాది.”

ఫొటో అతని చేతిలో పెట్టాను. భార్య ముఖం మీద వేలు పెట్టాడు.

“ఆ పొద్దు ఇంత తేటగా ఉన్నెనా ఇది?” అని తనలో తాను అనుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే బయటపడిందంటే, ఆ రోజే ఉంది. నేను పూడ్చిన ముప్పై ఏడూ అవే. ఈ మాట నేను చిన్నాయనతో చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు. మరుసటి సంవత్సరం మునిసిపాలిటీలో టీకాలు వేసే ఆయన ఫొటో దిగడానికి వస్తే, దీపం సరిచేస్తూ అమ్మవారి సంగతి ఊరికే అడిగినట్టు అడిగాను. ఆయన చెప్పింది ఇది: మశూచి అయితే ముందు మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం వస్తుంది. తర్వాత జ్వరం దిగి మనిషి లేచి తిరుగుతాడు, నయమైందనుకుంటారు. అప్పుడే ముఖం మీద, ముంజేతుల మీద సన్నగా గింజలు లేస్తాయి. ఆ రోజు నుంచే పక్కవాళ్లకు అంటుతుంది. అంటిన మూడు రోజుల లోపల టీకా పడితే చాలావరకు ఆ పక్కవాళ్లు దక్కుతారు.

“మూడు దినాలు దాటితే?” అన్నాను.

“దాటితే నేను పోయేది టీకా ఎయ్యడానికి కాదు పాపా, పేర్లు రాసుకోడానికి” అన్నాడాయన.

ఆ మాట విన్నాక, పక్క లైటు ప్లేటు చేతికి వచ్చినప్పుడల్లా పెన్సిలు పెట్టేముందు చుక్కలు ఎక్కడున్నాయో చూసేదాన్ని. పద్నాలుగు నెలలు ఏమీ కనపడలేదు. మొటిమలు, ఉలిపిరికాయలు, వంటింట్లో నూనె చిట్లిన మచ్చలు. అంతే.

1957 మే 8, బుధవారం. ఉదయం పదకొండు గంటలకు ఆళ్లగడ్డ నుంచి ఒక పెద్ద రైతు కుటుంబం వచ్చింది. శుక్రవారం తెల్లవారుజామున పెళ్లి. అబ్బాయిది బనగానపల్లె. గురువారం పొద్దున నలుగు పెట్టి పెళ్లికూతుర్ని చేస్తే ఇక అమ్మాయి ఊరు దాటకూడదు. అందుకని ముందురోజే ఫొటోకి తెచ్చారు. అమ్మాయికి పదిహేడేళ్లుంటాయి. వెంట వాళ్ల వదిన, ఆమె చంకలో మూడు నెలల ఆడపిల్ల. అమ్మాయి తండ్రి బట్టల బజారులో ఉన్నాడు.

అమ్మాయి ముఖానికి స్నో, పౌడరు దట్టంగా పట్టించారు. నా కంటికి ఏ తేడా కనపడలేదు. ఈ మాట నిజాయితీగా చెప్పాలి. ఎదురు లైటు ఆరు అడుగుల దూరంలో పెట్టి ఒక ప్లేటు. తర్వాత నగల కోసం దీపాన్ని ఎడమవైపుకు, నాలుగడుగులకు జరిపి ఇంకో ప్లేటు. దీపం జరుపుతున్నంతసేపూ అమ్మాయి ఆ పసిదాన్ని ఒళ్లో వేసుకుని ముద్దులాడుతూనే ఉంది.

“ఇడువ్ పాపా దాన్ని, పౌడరంతా దాని మొగానికే అంటించినావ్” అని వదిన నవ్వింది. తర్వాత నాతో మెల్లగా అంది: “శనివారం నుంచి ఒకటే జ్వరమక్కా ఈ పెండ్లికూతురికి. మొన్నటికి దిగిందిలే. కండ్ల కింద నలుపొస్తే కొంచెం తీసేయ్.”

అప్పటికీ నాకు వెలగలేదు. ఎండాకాలం, పెళ్లి హడావిడి, ఎవరికి జ్వరం రాదు? కళ్ల కింద నలుపు తీసేస్తానని మాటిచ్చాను.

మధ్యాహ్నం రెండు గంటలకు డార్క్‌రూంలో ప్లేట్లు కడిగాను. ఎర్రదీపం కింద మొదటి ప్లేటు నున్నగా వచ్చింది. రెండోది మందునీళ్లలో ముఖం తేలుతుండగా నుదుటి మీద తెల్లచుక్కలు లేచాయి. మొదట ఒకటి రెండు, తర్వాత గుప్పెడు.

దుమ్ము పడినా ప్లేటు మీద చుక్కలొస్తాయి. అందుకని తొందరపడలేదు. ప్లేటు ఆరాక భూతద్దం కింద పెట్టి చూశాను. దుమ్మయితే వెనక తెర మీదా, పట్టుచీర మీదా పడాలి. అక్కడ ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ చర్మం మీదే. నుదురు పదకొండు, బుగ్గలు తొమ్మిది, గడ్డం నాలుగు, మణికట్ల మీద ఏడు. మొత్తం ముప్పై ఒకటి. శనివారం జ్వరం, సోమవారం దిగింది, బుధవారం చుక్కలు. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటే టీకాల ఆయన చెప్పిన వరసే.

రేపు పొద్దున నలుగు. నలుగంటే తెలియని వాళ్లకు చెబుతున్నాను. పసుపు, పిండి, నూనె కలిపి ఇంట్లో ప్రతి ఆడమనిషీ పెళ్లికూతురి ముఖానికి, చేతులకు రుద్దుతుంది. పిల్లల చేతులు పట్టుకుని కూడా రుద్దిస్తారు. వేడుక కదా. ఆ మూడు నెలల పసిదానికి ఇంకా టీకా పడి ఉండదు. దాని చిన్న చెయ్యి ఆ గిన్నెలో ముంచుతారు.

చిన్నాయనను పిలిచాను. ప్లేటు చూసి, “చెమటకాయలు. మే నెల గదమ్మే” అన్నాడు.

“చెమటకాయలు మెడ మీద, వీపు మీద వస్తాయి చిన్నాయనా. మణికట్టు మీద రావు.”

“ఎదురు లైటు ప్లేటులో ఏం లే గదా?”

“ఎదురు లైటులో ఏదీ కనపడదు. దాన్ని పెట్టేది అందుకే గదా మనం.”

ఆయనకు కోపమొచ్చింది. “ఏందీ, పెండ్లింటికి పోయి అమ్మవారొచ్చిందని చెప్తావా? నాలిక కోసి చేతిలో పెడతారు. తప్పయితే ఈ ఊర్లో మనకు ఎవురన్నా ఫొటో దిగుతారా? టచింగ్ చేసి పెట్టు. రేపు మనిషొస్తాడు.”

నేను పాత ప్లేట్ల పెట్టెలో 1955 ఫిబ్రవరి వరస వెతికాను. వ్యాపారి భార్య ప్లేటు దొరికింది. దూదిని టర్పెంటైనులో ముంచి ఆ ముఖం మీద తుడిచాను. నేను పూడ్చిన పెన్సిలంతా నల్లగా దూదికి అంటుకుంది. కింద నుంచి ముప్పై ఏడు చుక్కలూ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. రెండు ప్లేట్లనూ టచింగ్ బల్లకు పక్కపక్కన ఆనించి, వెనక దీపం వెలిగించాను.

చిన్నాయన వంగి చూశాడు. ఒక ప్లేటు, ఇంకో ప్లేటు, మళ్లీ మొదటిది.

“ఈమె ఎవురు?”

“ఫొటో దిగిన మర్నాడు అమ్మవారొచ్చిన మనిషి. ఒళ్లో ఉన్న పిల్లోడు పోయినాడు.”

“నీకెప్పుడు తెలిసె?”

“రెండేండ్లాయె.”

“మల్ల అప్పుడెందుకు చెప్పలే?”

“పూడ్చింది నేనే గదా” అన్నాను.

ఆయన బల్ల వెనక దీపం ఆర్పాడు, మళ్లీ వెలిగించాడు. చివరికి, “నేను పొమ్మనను, వద్దనను. తప్పయితే ఆ మాట నీది” అని లోపలికి పోయాడు.

తప్పయితే నాకు పోయేది కొంచెమే. తిట్లు, మహా అయితే ఉద్యోగం. నిజమయితే, చెప్పకపోతే పోయేది ఆ పసిది. ఈ లెక్కకు పుస్తకం అవసరం లేదు.

మునిసిపల్ ఆసుపత్రికి నడిచాను. టీకాల ఆయన పల్లెలకు పోయాడు, రాత్రికి వస్తాడు. కాంపౌండరుకు ప్లేటు చూపించాను. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు.

“ప్లేటుకు జ్వరమొచ్చిందా తల్లీ? గాజుకు నేను మందియ్యలేను” అని పక్కనున్న వాళ్లను నవ్వించాడు. నేను నవ్వలేదని చూసి కొంచెం తగ్గాడు. “రోగిని చూడకుండా ఎవురూ రారమ్మా. నువ్వు పోయి చూసి, నిజమని కబురంపు. ఆయన్ను పంపిస్తా.”

అప్పటికి ఆళ్లగడ్డ ఆఖరి బస్సు పోయింది.

గురువారం మొదటి బస్సుకు ప్లేటును మెత్తటి గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టుకుని ఎక్కాను. బస్సు కదలబోతుండగా చిన్నాయన ఎక్కాడు. నా వైపు చూడకుండా ముందు సీటులో కూర్చున్నాడు.

“వస్తాండావా చిన్నాయనా?”

“నీకోసరం కాదు. గుంతల్లో ప్లేటు పగలగొట్టుకుంటావని” అన్నాడు.

మేము చేరేసరికి ఎనిమిదిన్నర. వాకిట్లో పందిరి, పందిరి గుంజకు రాత్రి కోసం అద్దెకు తెచ్చిన పెట్రోమాక్సు దీపాలు. నడవలో పీట మీద అమ్మాయి కూర్చుని ఉంది. ఎదురుగా రెండు వెడల్పాటి గిన్నెల్లో నలుగుపిండి. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు, పిల్లలు, నలుగు పాట. వదిన పసిదాన్ని చంకనేసుకుని గిన్నె దగ్గర వంగి ఉంది.

“నిలపండి” అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

పాట ఆగిపోయింది. అమ్మాయి తండ్రి పందిట్లోంచి వచ్చాడు. “ఎవురు? ఓ, ఫొటోల పాపనా? ఫొటో తెచ్చినావా?”

“ఫొటో కాదప్పా, ప్లేటు. ఇంట్లో పెద్దామెతో ఒక మాట చెప్పల్ల.”

“నలుగు కాడ ఏం మాట? దుడ్లేమన్నా ఇంకా కావల్నా?” ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

“అది కాదప్పా. ఒక్క మాట. అంతవరకు పెండ్లికూతుర్ని ఎవురూ తాకొద్దు.”

ఆ మాటకు ఆడవాళ్లలో గుసగుస లేచింది. మంచం మీద కూర్చున్న అవ్వ తలెత్తింది. అమ్మాయికి నాయనమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. ఆమె ముఖమంతా చిన్న చిన్న గుంటలు. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికిన మనిషి. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“ఏంది మ్మే ఆ గాజుపలక?”

దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. చెంప మీద కొడుతుందేమో అనుకున్నాను. ఆమె కొట్టలేదు.

“పౌడరు పాడుగాను, నాకేం కనపడ్లే” అంది.

“ఎదురుగా చూస్తే కనపడదవ్వా. చీకటిగదీ, ఒక దీపమూ ఇప్పించు. చూపిస్తా. ఏం లేకపోతే నీ కాళ్లు పట్టుకుని పోతా.”

గింజలు పోసే గదికి కిటికీ లేదు. అవ్వ, అమ్మాయి, నేను లోపలికి పోయి తలుపు మూశాం. పెట్రోమాక్సు వెలిగించి తెచ్చారు. తడిగుడ్డతో అమ్మాయి ముఖం మీది పౌడరు తుడిచాను. దీపాన్ని ముందు ఎదురుగా ఎత్తి పట్టాను.

“ఏం లే” అంది అవ్వ. ఆమె గొంతులో కోపం మొదలయింది.

దీపాన్ని మెల్లగా చెవి వెనక్కి జరిపాను. బుగ్గ మీదుగా వెలుగు పారింది. సజ్జగింజల్లాగా చిన్న చిన్న ఎత్తులు, ఒక్కో ఎత్తు పక్కన ఒక్కో నీడ. నిన్నటికంటే ఎక్కువయ్యాయి. అవ్వ చూపుడువేలు పెట్టి నుదుటి మీద ఒకదాన్ని ఒత్తింది. చర్మం కింద గట్టిగా, గుండ్రంగా ఉన్నట్టుంది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“జ్వరమొచ్చెనా నీకు?”

అమ్మాయి తల దించుకుంది.

“అడుగుతాండా.”

“వచ్చింది. వదినకు చెప్పినా. పెండ్లి ఆగిపోతాదని ఎవురికీ చెప్పొద్దనుకుంటిమి.” ఆమె అవ్వ చెయ్యి పట్టుకుంది. “అవ్వా, నలుగయిపోనీ అవ్వా. పెండ్లి అయిపోనీ. మల్ల ఏమన్నా కానీ. నీ కాళ్లు పట్టుకుంటా.”

అవ్వ ఆమె తల నిమిరింది, తర్వాత లేచి తలుపు తెరిచింది. ఇంత ముసలామె గొంతు అంత దూరం వినపడుతుందని నేననుకోలేదు.

“గిన్నెలు తియ్యండి! ఆ బిడ్డను తీస్కపోండి ఈడ నుంచి! బేగా!”

అమ్మాయి తండ్రి నా మీదికి వచ్చాడు. “ఫొటోలు తీసేదానివి, నువ్వు డాక్టరువా? బనగానపల్లె వాళ్లకు ఏం చెప్పల్ల నేను? నీ గాజుపలక చూసి పెండ్లి ఆపినానని చెప్పల్లనా?”

చిన్నాయన మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. “చూసింది మా పాపే. తప్పయితే నా స్టూడియో మూసేస్తానప్పా” అన్నాడు. ముందురోజు ‘తప్పయితే ఆ మాట నీది’ అన్న మనిషి.

“వాని మీద ఎందుకు అరుస్తావ్? దీన్ని ఎందుకు తిడతావ్?” అంది అవ్వ కొడుకుతో. “తల్లి ఇంటికొచ్చింది. పందిట్లో యాపాకు కట్టు. బనగానపల్లెకు మనిషిని పంపు.”

అంతటితో అయిపోయిందనుకున్నాను. అసలు చిక్కు అప్పుడు మొదలయింది. చిన్నాయన ఆ పెళ్లింటి జీపులోనే నంద్యాల పోయి, మూడున్నరకు టీకాల ఆయన్ను తీసుకొచ్చాడు. ఆయన సామాను చూడగానే ఇంట్లో ఆడవాళ్లందరూ తలుపుకు అడ్డం నిలబడ్డారు. తల్లి ఇంట్లో ఉండగా సూది పొడిస్తే తల్లికి కోపమొస్తుందని, ఇంకా నలుగుర్ని పట్టుకుంటుందని వాళ్ల నమ్మకం. వదిన పసిదాన్ని గుండెలకు అదుముకుని మూలకు పోయింది. మొన్న జ్వరం దాచిన మనిషి ఇప్పుడు బిడ్డను ఎవరి చేతికీ ఇవ్వదు.

“మొన్నట్నుంచి ఆ పెండ్లికూతురి చేతుల్లోనే ఉందంట గదా బిడ్డ. దినాలు అయిపోతాండాయి. నేను బలవంతం చెయ్యలేను, మీరే చెప్పండి” అన్నాడు టీకాల ఆయన.

అందరూ అవ్వ వైపు చూశారు. ఆమె కూడా నమ్మే మనిషే. పొద్దున యాపాకు కట్టించింది ఆమే. కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ కూర్చున్నంతసేపూ నేను గోడగడియారం చూశాను. ఆరు నిమిషాలు.

“తల్లి వచ్చింది ఆ పాపకు” అంది చివరికి. “ఈ బిడ్డకు ఇంకా రాలే. రాని కాడ సూదేస్తే తల్లికి కోపమెందుకొస్తాది? దీన్ని దూరంగా పెట్టినామని సంతోషపడతాది. తీస్కరా.”

ఎవరూ కదల్లేదు. అవ్వే లేచి వెళ్లి వదిన చేతుల్లోంచి పసిదాన్ని తీసుకుని టీకాల ఆయన ముందు కూర్చుంది. సాయంత్రం నాలుగుంపావుకు దానికి టీకా పడింది. తర్వాత వరసగా నలభై ఒక్క మందికి. నేను పేర్లు రాసిచ్చాను.

ఆ తర్వాత పదహారు రోజులు స్టూడియోలో పని చేశానంటే చేశాను. తొమ్మిదో రోజు పసిదానికి జ్వరమొచ్చిందని కబురొచ్చింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. టీకా ఎక్కినందుకు వచ్చిన జ్వరమని మర్నాడు తెలిసింది. మే 25న టీకాల ఆయనే వచ్చి చెప్పాడు: ఆ ఇంట్లో ఇంకో ఇద్దరు పెద్దవాళ్లకు తేలిగ్గా లేచింది, లేచి తగ్గింది. అమ్మాయికి గట్టిగా పోసింది. బతికింది. పసిదానికి ఏమీ లేదు.

బనగానపల్లె వాళ్లు మర్యాదగా తప్పుకున్నారు. ఆ నెలలోనే అబ్బాయికి వేరే సంబంధం చేసుకున్నారు.

నన్ను పొగిడిన వాళ్లున్నారు. టీకాల ఆయన ఆసుపత్రిలో అందరికీ చెప్పాడు. కాంపౌండరు ఎదురుపడితే, “ఈ పొద్దు ఏ ప్లేటుకు జ్వరమమ్మా?” అని మర్యాదగానే అడిగేవాడు. నేను సంతోషపడలేదని చెబితే అబద్ధం. అయితే నా పుస్తకంలో ఆ వరసలో ‘31’ అని మాత్రం ఉంది. కింద గీత లేదు.

1960 జనవరి 20న ఆళ్లగడ్డ నుంచి మళ్లీ కబురొచ్చింది. అవ్వ ఫొటో దిగుతుందట, ఆ ఫొటోల పాపనే రమ్మను అందట. ఫిబ్రవరిలో నా పెళ్లి. ఆ నెలాఖరుకు మానేస్తున్నాను కాబట్టి అదే నా చివరి బయటి పని. అవ్వ చూపు బాగా తగ్గింది. దీపం ఎక్కడ పెట్టమంటావని అడిగితే, “నీకు బాగా తెలుసు గదా మ్మే, నన్నడుగుతావేంది? గుంటలు పడనీ. డెబ్బయ్యేండ్ల నుంచి ఉండాయి, ఈ పొద్దు యాడికి పోతాయి?” అంది. పక్క లైటుతోనే తీశాను.

స్టాండ్లు విప్పుతుంటే ఆ అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. ముఖమంతా గుంటలు. పెళ్లి కాలేదు. వైర్లు చుట్టడంలో సాయం చేస్తున్నట్టు పక్కన కూర్చుంది. ఒక వైరు మొత్తం చుట్టింది. తర్వాత తల ఎత్తకుండా అడిగింది.

“ఒక్కటి అడుగుతా, చెప్పు. ఎట్లన్నా బయటపడేదే గదా అది. నువ్వు చెప్పకపోయినా శనివారానికి అందరికీ తెలిసేది. శుక్రవారం పెండ్లి అయిపోయింటుండె. ఒక్క దినం ఆగి చెప్పింటే నీకేం పోతుండె?”

కోపంగా అనలేదు. మూడేళ్లు లెక్క వేసుకుని, లెక్క ఎక్కడ తప్పిందో చూపించమన్నట్టు అడిగింది. నేను వైరు చుట్టడం ఆపాను.

అప్పుడే వాకిట్లోంచి ఆనాటి పసిపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. మరో నెలకు మూడేళ్లు నిండుతాయి. ఒళ్లంతా మట్టి. “ఎత్తుకో అత్తా, ఎత్తుకో” అని ఆమె భుజాలు పట్టుకుని ఎక్కింది. ఆమె మాట ఆపి దాన్ని ఎత్తుకుంది. పైటకొంగుతో ముక్కు తుడిచింది, మోచేతికి అంటిన మట్టి దులిపింది, చంకలో సర్దుకుంది. సర్దుకుని మళ్లీ నా వైపు చూసింది. జవాబు కోసమే చూసింది.

వైరు చుట్టడం పూర్తి చేసి, బస్సు వేళయిందని లేచాను.